నిద్రపోని చెయ్యి

మా ఆస్పత్రిలో స్లీప్ స్టడీ చేసే గది లిఫ్టు గోడని ఆనుకుని ఉండేది. అంతకుముందు అది సెలైన్ పెట్టెలు దాచుకునే స్టోరు. కిటికీ లేదు. లిఫ్టు కదిలిన ప్రతిసారీ గోడ లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడయ్యేది, మంచం కోళ్ళు సన్నగా అదిరేవి. మనిషి నిద్రలో ఊపిరి ఎలా తీసుకుంటున్నాడో చూడాల్సిన గది అది. సికింద్రాబాద్ మొత్తంలో నిద్రకి ఇంతకంటే పనికిరాని చోటు స్టేషన్ ముందున్న ఆటో స్టాండు ఒక్కటేనని మా చీఫ్‌తో మొహం మీదే అన్నాను.

"నీ దగ్గరికొచ్చేవాళ్ళకి ఎలాగూ నిద్ర సరిగ్గా ఉండదు కదమ్మా, మధ్యలో లిఫ్టునెందుకు ఆడిపోసుకుంటావు?" అన్నారాయన.

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తే. అందులో ఇద్దరు తర్వాత వాళ్ళ మామగార్లని గురకకి నా దగ్గరికే తీసుకొచ్చారు. చూశాను. మందులు రాశాను. నవ్విన సంగతి మాత్రం మర్చిపోలేదు.

ఊపిరితిత్తుల చదువు నేను కోరుకుని తీసుకున్నది కాదు. నాకు రేడియాలజీ కావాలి. చీకటి గదిలో కూర్చుని, ఎవరితో మాట్లాడకుండా, ఫిల్ములు చూసుకుంటూ బతకాలని ఉండేది. పీజీ కౌన్సెలింగ్‌లో నా వంతు వచ్చేసరికి మిగిలింది టీబీ సీటు. దాని అసలు పేరు వేరే ఉన్నా ఆ హాల్లో ఎవరూ పలకలేదు, 'టీబీ సీటు' అనే అన్నారు. తీసుకున్నాక మానేస్తే పరిహారం కట్టాలి, మళ్ళీ కొన్నేళ్ళు పరీక్ష రాయనివ్వరు. లోపలికి రావడానికే గాని బయటికి పోవడానికి ఆ తలుపుకి పిడి లేదని చేరిన వారంలోనే అర్థమైంది.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి బోయిగూడలో కలప డిపో పెట్టుకున్న మనిషి. జీవితమంతా రంపప్పొట్టు పీల్చి పొద్దున్నే గుమ్మంలో నిలబడి చాలాసేపు దగ్గేవాడు. నా సీటు సంగతి విని ఇంట్లో సంతోషించింది ఆయనొక్కడే. "బోణీ నాతో చెయ్, ఇంట్లోనే పేషెంటున్నాడు" అన్నాడు.

మిగతావాళ్ళ సంగతి వేరు. నాకు టీబీ వార్డు డ్యూటీ పడిన రోజుల్లోనే యాప్రాల్‌లో పెద్దమ్మ వాళ్ళ గృహప్రవేశం. అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చారు. నాకు కాయితం కప్పులో వచ్చింది. నేను కప్పు వైపు చూడటం పెద్దమ్మ చూసింది. "స్టీలుదైతే చెయ్యి కాలుతుందే తల్లీ, అందుకని" అంది. మా అక్క చేతిలో స్టీలు గ్లాసుంది. అక్క చెయ్యి కాలకూడదని ఎవరికీ అనిపించలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో నాకు కాయితం కప్పే. నేను అడగలేదు. అలాగని వెళ్ళడమూ మానలేదు. పిలిచిన ప్రతిసారీ వెళ్ళి, అందులోనే తాగి, ఖాళీ కప్పు వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద సరిగ్గా నడిమధ్యన పెట్టి వస్తాను. ఇప్పటికీ అంతే.

పీజీలో ఉన్నన్నాళ్ళూ ఊపిరి గొట్టాల్లోకి పంపి చూసే స్కోపు నా చేతికి సరిగ్గా రాలేదు. నాతో చేరిన మగపిల్లలు పట్టుకునేవారు. నాకు పేషెంటు తల దగ్గర నిలబడి నుదురు పట్టుకునే పని. "నీ చెయ్యి మెత్తన, వాళ్ళకి ధైర్యంగా ఉంటుంది" అనేవారు మా ప్రొఫెసరు. అది మెచ్చుకోలని అందరూ అనుకునేవారు. నేను అనుకోలేదు. ఆ మెచ్చుకోలుతోనే చదువు పూర్తయింది.

నిద్ర వైద్యం మాత్రం నేను ఎంచుకున్నదే. మా చీఫ్ నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న కొత్తలో, ఇంకో నగరంలో ఆ శిక్షణకి ఎవర్నైనా పంపుదామనుకున్నారు. ఎవరూ ఆసక్తి చూపలేదు, నేను చెయ్యెత్తాను. కొందరికి నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది. ఊపిరాడక మెదడు మనిషిని తట్టి లేపుతుంది. అతను గట్టిగా గుర్రుమని గాలి పీల్చుకుని మళ్ళీ నిద్రలోకి జారతాడు, మళ్ళీ ఆగుతుంది. తెల్లారి తనకేమీ గుర్తుండదు, పగలంతా తూగుతాడు. వార్డుల్లో నేను చూసిన ఎన్నో గుండెజబ్బుల వెనకా, బీపీల వెనకా ఇదే ఉందని అక్కడ చదువుకున్నాను. మొదటిసారి నాకంటూ ఒక విద్య దొరికిందనిపించింది. శిక్షణకి పంపినందుకు ఇన్నేళ్ళు ఇక్కడే పని చేస్తానని ముందే సంతకం చేయించుకున్నారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆస్పత్రి బీరువాలోకి వెళ్ళాయి. తిరిగొచ్చేసరికి నా కోసం స్టోరు రూము ఖాళీ చేసి పెట్టారు. కారిడార్లో నా కొత్త పేరు కూడా సిద్ధంగా ఉంది: గురకల డాక్టరు.

గదిలో కెమెరా ఉండాలి. కొనలేదు. పేషెంటు దగ్గర నర్సు ఉండాలి. వెయ్యలేదు. టెక్నీషియన్ ఒక్కడే అవతల చిన్న అరలో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు, అతనికి గీతలు కనిపిస్తాయి గాని మనిషి కనపడడు. నర్సు లేని లోటుకి మా ఆస్పత్రి కనిపెట్టిన ఉపాయం, పేషెంటు ఇంటి మనిషిని మంచం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టడం. మంచినీళ్ళివ్వడానికీ, బాత్రూముకి తీసుకెళ్ళడానికీ వాళ్ళే. ఇది పద్ధతి కాదు, పరీక్ష గదిలో పేషెంటు ఒక్కడే ఉండాలని నేను రాసిచ్చాను. లిఫ్టు గురించి రాసిచ్చాను. కెమెరా గురించి రాసిచ్చాను. జవాబు రాలేదు. చివరికి ఒక సమీక్షలో చీఫ్ తేల్చి చెప్పారు: ఆ గది దండగ అని పైవాళ్ళు అంటున్నారు, ఒక్క రిపోర్టు తప్పని తేలినా మళ్ళీ స్టోరు చేసేస్తారు, చూసుకో అని. ఆ ఆస్పత్రిలో నాది అని చెప్పుకోవడానికి ఆ గది ఒక్కటే ఉంది.

అలాంటి రోజుల్లో మౌలాలి నుంచి ఒక స్కూలు బస్సు డ్రైవరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొట్టి మెడ, పెద్ద నవ్వు. ఒక సాయంత్రం బస్సులో పిల్లలుండగానే సిగ్నల్ దగ్గర నిద్రపోయాడు. పచ్చ లైటు పడినా బస్సు కదల్లేదు. వెనక బళ్ళు హారన్లు కొట్టాయి. ముందు సీట్లో పాప వచ్చి భుజం పట్టుకుని ఊపితే లేచాడు. ఏం కాలేదు. కానీ పాప ఇంట్లో చెప్పింది. ఏ జబ్బూ లేదని డాక్టరు దగ్గర కాగితం తెస్తేనే స్టీరింగ్ ముట్టుకోనిస్తామని స్కూలు వాళ్ళన్నారు.

వెంట భార్య వచ్చింది. బక్కమనిషి, నల్ల బురఖా, పైకెత్తిన ముసుగు, కళ్ళ కింద నలుపు. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఎడమచేతి వేళ్ళ కొసల నిండా సూది పోట్లే. నేను ఆమెనేమీ అడగలేదు. ఆమె ఆయన కేసుకి తోడొచ్చిన మనిషి. అంతవరకే చూశాను.

పరీక్ష చేశాం. ఊపిరి ఆగడాలు దాదాపు లేవు. ఆక్సిజన్ పడిపోలేదు. చిన్న చిన్న మెలకువలు మాత్రం లెక్కలేనన్ని. వాటిని టెక్నీషియన్ లిఫ్టు ఖాతాలో రాశాడు. ఆ లిఫ్టు గురించి ఆస్పత్రిలో అందరికంటే ఎక్కువ మొత్తుకున్నది నేనే కాబట్టి నాకూ సరే అనిపించింది. కాగితం మీద మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు.

కానీ ఆ మెడ, ఆ బీపీ, పొద్దున్నే తలనొప్పి, ఎర్రటి కళ్ళు. రిపోర్టు కోసం వచ్చిన రోజు వాళ్ళిద్దర్నీ నా ఎదురుగా కూర్చోబెట్టి, గీతలన్నీ మళ్ళీ మొదటి నుంచి తిప్పుతూ పోయాను. చీఫ్ అప్పటికే ఫోన్ చేసి, స్కూలు వాళ్ళు తెలిసినవాళ్ళేననీ, సంతకం పెట్టి పంపించెయ్యమనీ చెప్పారు. నీ పరీక్షని నువ్వే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారమ్మా అని కూడా అన్నారు.

నేను స్క్రీను చూస్తుండగా ఆమె వాళ్ళ బస్తీకి నీళ్ళ ట్యాంకరు రాని సంగతి చెప్తోంది. ట్యాంకరు వాళ్ళ దోస్తులకి ముందు పోస్తారట, మిగిలితే వీళ్ళకట. నాకు నచ్చే మాటలే. తలెత్తి విన్నాను. ఆయన అప్పటికే కుర్చీలో నిద్రపోతున్నాడు. తల వెనక్కి వాలింది. గురక రెండుసార్లు వచ్చి ఆగిపోయింది. ఛాతీ కదులుతోంది, గాలి మాత్రం లేదు. ఆమె ట్యాంకరు గురించి చెప్తూనే ఉంది, చూపు నా మీదే ఉంది. ఆమె ఎడమచెయ్యి మాత్రం పక్కకెళ్ళి ఆయన భుజాన్ని తోసింది. పెద్దగా కాదు. పొయ్యి మీద గిన్నె సర్దినంత. ఆయన గుర్రుమని గాలి పీల్చాడు. చెయ్యి ఆమె ఒళ్ళోకి వచ్చేసింది. మాట ఆగలేదు.

"ఇప్పుడేం చేశారు మీరు?" అన్నాను.

"నేనేం జేసిన మేడమ్?" అంది, భయపడి.

"మీ చెయ్యి."

ఆమె చేతి వైపు చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు. "గదా. దమ్ము ఆగింది గదా, జెర కదిలిచ్చిన. లేకుంటే తీస్కోడు."

"మొన్న పరీక్షప్పుడు కూడా ఇలాగే కదిలించారా?"

"మరి కదిలియ్యకుంటే ఎట్ల మేడమ్? మీరే గదా పక్కన కూసోమన్నది."

మాటల చప్పుడుకి ఆయన లేచాడు. సంగతి విని నవ్వాడు. "పెండ్లైనసంది కొడ్తనే ఉన్నది మేడమ్ నన్ను. ఒక్క కంప్లైంట్ సుత ఇయ్యలే నేను" అన్నాడు. తర్వాత, "కాయితం అయ్యిందా?" అని అడిగాడు.

కాలేదన్నాను. రెండు రోజుల తర్వాత రమ్మన్నాను. వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుని కూర్చున్నాను. నా ఓపీ గదిదీ ఆ లిఫ్టు గోడే, అవతల లిఫ్టు పైకీ కిందకీ తిరుగుతోంది. సంతకం పెడితే నా రిపోర్టు సరైనదే, నా గది నాకుంటుంది, ఆ బస్సులో పిల్లలుంటారు. పెట్టకపోతే నా పరీక్ష తప్పని నా నోటితో నేనే, ఎవరి ముందు ఎన్నడూ తగ్గలేదో ఆ చీఫ్ ముందు చెప్పుకోవాలి. ఎన్నో ఏళ్ళుగా నేను ఆయన చేత ఒప్పించాలని చూసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

మర్నాడు పొద్దున మీటింగులో చెప్పాను. అందరూ ఉన్నారు. చీఫ్ పెన్ను మూత పెట్టారు.

"అంటే నీ టెస్టు తప్పు."

"టెస్టు కాదు సార్. పక్కన మనిషిని కూర్చోబెట్టడం తప్పు. అది వద్దని నేను రాసిచ్చాను."

"నువ్వు రాస్తూనే ఉంటావు కదమ్మా." ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆయన నవ్వలేదు. "ఇన్నాళ్ళూ నువ్వు చేసినవాళ్ళందరి పక్కనా ఎవరో ఒకరు కూర్చున్నారు. వాళ్ళంతా చేతులు కట్టుకుని కూర్చున్నారంటావా?"

ఆయన అన్న మాటల్లో నాకు జవాబు దొరకనిది అదొక్కటే. నన్ను చిన్నబుచ్చాలనే అన్నారు, అయినా అది నిజం. నార్మల్ అని రాసి పంపించిన ప్రతి భర్త పక్కనా ఒక భార్య ఉంది, ప్రతి తల్లి పక్కనా ఒక కూతురుంది. ఆ చేతులేం చేశాయో గీతల్లో కనపడదు. వాళ్ళందర్నీ మళ్ళీ పిలుస్తానన్నాను. తర్వాత పిలిచాను కూడా. కొందరొచ్చారు, కొందరు ఫోన్ పెట్టేశారు.

రెండోసారి డ్రైవరుని ఒంటరిగా పడుకోబెట్టాం. భార్యని కింద హాల్లో కూర్చోమన్నాం. ఆమె కూర్చోలేదని టెక్నీషియన్ పొద్దున చెప్పాడు. వద్దన్నా పైకొచ్చి తలుపు బయట నిలబడిందట. లోపల గురక ఆగినప్పుడల్లా అరచేత్తో తలుపుని తోసేదట. లోపల గడియ పెట్టి ఉంది. తలుపు కదిలేది కాదు, ఆమె ఆపేదీ కాదు. అతను ఆ మాట చెప్తున్నప్పుడు నా వైపు చూడలేదు.

ఈసారి గీతలు వేరుగా ఉన్నాయి. ఊపిరి ఆగిన ప్రతిచోటా ఆక్సిజన్ గీత బావిలోకి దిగినట్టు దిగింది. అంత చెడ్డ రిపోర్టు ఆ గదిలో నేను అంతకుముందు చూడలేదు. చీఫ్ తెప్పించుకుని చూశారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. తిప్పి పంపించారు.

నిద్రలో గొంతులోకి గాలి పంపే మాస్కు మిషను పెట్టుకుని నిద్ర కుదిరేదాకా బస్సు నడపకూడదని చెప్పినప్పుడు డ్రైవరు మొహంలో నవ్వు పోయింది. మొదటి కాయితం మంచిగనే ఉండె గదా, రెండోసారి ఎవరు చెయ్యమన్నరని అడిగాడు. నన్నడిగినట్టే ఉంది గాని చూపు భార్య మీద ఉంది. ఆమె నేల చూసింది. స్కూలు వాళ్ళు ఆయన్ని తీసెయ్యలేదు. అదే బస్సులో, తన సీట్లో ఇంకొకరు కూర్చోగా, తలుపు దగ్గర నిలబడి పిల్లల్ని ఎక్కించి దించే పని ఇచ్చారు. అది ఎంత అవమానమో నాకెవరూ చెప్పక్కర్లేదు.

గది మూసేశారు. నోటీసు అంటూ ఏమీ ఇవ్వలేదు. ఒక పొద్దున వెళ్ళేసరికి మంచం లేదు, సెలైన్ పెట్టెలు తిరిగొచ్చి పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఇప్పుడు పరీక్షకి ఒక చిన్న డబ్బా ఉంది, పేషెంటు ఇంటికి తీసుకెళ్ళి కట్టుకుని పడుకుంటాడు, నేను ఓపీలో కూర్చుని దాని గీతలు చదువుతాను. ఇంట్లో ఎవరి చెయ్యి ఎక్కడుందో ఆ డబ్బా కూడా చెప్పదు. ఈ సంగతీ రాసిచ్చాను.

బాండు ఎప్పుడో అయిపోయింది, సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను, ఇంకా అక్కడే ఎందుకని మా అక్క అడుగుతుంది. నేను వెళ్ళిపోతే చీఫ్ ఏమంటారో నాకు తెలుసు. తప్పు బయటపడింది కాబట్టి వెళ్ళిపోయిందంటారు. ఆ మాట ఆయన అనకుండా ఉండటానికి నేను రోజూ ట్రాఫిక్‌లో పడి అదే బిల్డింగుకి వస్తాను, అదే లిఫ్టు ఎక్కుతాను. ఆయన రిటైరయ్యేదాకా వస్తాను. తర్వాత సంగతి ఇంకా ఆలోచించలేదు.

చాలా నెలల తర్వాత డ్రైవరు భార్య ఒక్కతే వచ్చింది. తన పేరు మీదే ఓపీ చీటీ తీసుకుంది. ఆయన మిషను పెట్టుకుంటున్నాడు, తూగడం లేదు, మళ్ళీ బస్సు నడుపుతున్నాడు. చిన్నపిల్లాడిలా నిద్రపోతున్నాడట, చప్పుడే లేదట. సంతోషమే కదా అన్నాను.

"చప్పుడు లేకుంటే బతికున్నడో లేదో ఎట్ల తెల్వాలె మేడమ్?"

ఆమె ఇప్పుడు ఆయన ఛాతీ మీద చెయ్యేసి కూర్చుంటోందట. మిషను పైపు పట్టుకుని గాలి పోతోందో లేదో చూస్తోందట. పరేషాన్‌తో తెల్లారిపోతుందట. ఆయన లేచి, మొదలు నిన్ను తీస్కపోవాలె దవాఖానకు అంటున్నాడట. అందుకే వచ్చింది. ఆమె చెప్పడం అయిపోయాక బల్ల మీద రెండు చేతులూ పెట్టింది. సూది పోట్లు ఇంకా ఎక్కువయ్యాయి.

"ఆయనకు మిషన్ ఇచ్చిన్రు. నాకేమిస్తరు?"

నేను చదివిన చదువులో ఆమెకి పేరు లేదు. నిద్రమాత్ర రాయొచ్చు, కానీ రాస్తే ఆయన్ని చూసుకునేదెవరని ఆమె వేసుకోదు. ఆ మాట ఆమె నాకు ముందే చెప్పేసింది. ఏదైనా దొరుకుతుందేమోనని స్క్రీను వైపు తిరిగాను, ఏదో ఒకటి రాయాలి కాబట్టి ఆమె వయసు, బరువు, బీపీ ఎక్కించడం మొదలుపెట్టాను. ఎప్పటి నుంచి నిద్ర లేదు అని అడిగాను. జవాబు రాలేదు.

తిరిగి చూస్తే నిద్రపోతోంది. కుర్చీలో నిటారుగా, గడ్డం ఛాతీకి ఆనించి. గోడ అవతల లిఫ్టు కదిలింది. బల్ల మీద స్టెతస్కోపు సన్నగా అదిరింది. ఆమె లేవలేదు. కాసేపటికి ఎడమచెయ్యి ఒళ్ళోంచి లేచి పక్కకెళ్ళింది. పక్కన ఖాళీ కుర్చీ ఉంది. చెయ్యి ఆ కుర్చీ చేతిని తోసింది. పెద్దగా కాదు. కొంచెం ఆగి, మళ్ళీ తోసింది.

రిసెప్షన్ అమ్మాయి తలుపు తీసి తర్వాతివాళ్ళని పంపనా అన్నట్టు చూసింది. వద్దని సైగ చేశాను. బయట కుర్చీల్లో దగ్గులు వినిపిస్తున్నాయి, ఎవరో గొడవపడుతున్నారు. నేను లేస్తే నా కుర్చీ చప్పుడవుతుంది. చక్రాలకి నూనె వెయ్యమని రాసిచ్చి చాలా కాలమైంది. అందుకని కదలకుండా కూర్చున్నాను. ఆమె చెయ్యి కుర్చీని తోస్తూనే ఉంది. తోసే కొద్దీ మధ్యలో విరామం పెరిగింది. చివరికి చెయ్యి ఆ కుర్చీ చేతి మీదే ఉండిపోయింది.

ఆ రోజు ఓపీ ఎందుకంత ఆలస్యమైందో కారణం చెప్పమని మర్నాడు చీఫ్ సంతకంతో మెమో వచ్చింది. పేషెంటు నిద్రపోతోంది అని రాసి పంపించాను. దానికీ జవాబు రాలేదు.